మస్కట్‌లో ఫ్రెంచి ఇల్లు, సూర్‌లో ఫ్రెంచి జెండా

రాజంపేట నుంచి కడపకు ఏ బస్సెక్కినా మస్కట్‌కో కువైట్‌కో వెళ్లివచ్చినవారు ఇద్దరైనా కనిపిస్తారు. మా ఇంట్లోనూ ఒకడున్నాడు. మా తమ్ముడు పదకొండేళ్లుగా మస్కట్‌లోని రువీలో ఉంటున్నాడు. ఎప్పుడూ సెలవు పెట్టుకుని వాడే వచ్చేవాడు. ఈసారి సంక్రాంతి దాటాక నేనే వెళ్లాను. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి ఎడారి సఫారీలు, మాల్‌ల మీద నాకు పెద్దగా మనసు లేదు. పరాయి దేశాల కాన్సులేట్లు పక్కపక్కనే కొలువుదీరి ఒకదానితో ఒకటి పోట్లాడుకున్న ఆ పాత రేవును చూడాలన్నది చాలాకాలపు కోరిక. ఎనిమిది రోజులున్నాను. ఏం చూశానో, ఎక్కడ బస చేశానో, దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి అక్కర్లేదో రాస్తాను. అటు వెళ్లేవారికి పనికొస్తుంది.

విమానం రాత్రికి కావడంతో పగలు హైదరాబాద్‌లో కోఠీకి వెళ్లాను. అక్కడి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. మస్కట్ కథను ఆ మెట్ల దగ్గర మొదలుపెడితేనే బాగా అర్థమవుతుందని నా నమ్మకం. 1798 అక్టోబరులో నిజాం కొలువులోని ఫ్రెంచి దళాలను ఆంగ్లేయులు నిరాయుధం చేశారు. మనవాళ్లు మూసా రాముడని పిలుచుకున్న రేమండ్ పెంచిన సైన్యం అది. ఆ పనిలో పాలుపంచుకున్న యువ అధికారుల్లో జాన్ మాల్కమ్ ఒకడు. అదే నెల 12న మస్కట్‌లో ఈస్టిండియా కంపెనీ ఒక ఒడంబడిక కుదుర్చుకుంది. ఫ్రెంచివారికి ఆ రేవులో చోటివ్వకూడదన్నదే దాని సారాంశం. 1800 జనవరిలో ఆ మాల్కమే ఒమాన్ పాలకుడితో రెండో ఒడంబడిక చేసుకుని, మస్కట్‌లో ఒక ఆంగ్లేయ ప్రతినిధి ఉండేలా ఒప్పించాడు. సూర్యచంద్రులు తమ తిరుగుడు ముగించేవరకు ఈ స్నేహం చెక్కుచెదరకూడదని అందులో రాసుకున్నారు. మన శాసనాల్లో దానం చేసిన పొలానికి ‘ఆచంద్రార్కం’ అని రాస్తారే, అచ్చం అదే మాట. అలా వెళ్లిన మొదటి ప్రతినిధి బోగల్ అనే వైద్యుడు. ఆయన ఆ ఏడాదే మస్కట్‌లో చనిపోయాడు. తర్వాత వెళ్లినవారికీ ఆ ఎండలు, జ్వరాలు తప్పలేదు. 1810లో ఆ కార్యాలయాన్ని మూసేశారు. మళ్లీ తెరవడానికి చాలా ఏళ్లు పట్టింది.

హైదరాబాద్ నుంచి సుమారు మూడు గంటల ప్రయాణం. ఒమాన్ రియాల్ మన డబ్బులో 200 రూపాయల పైమాటే కనుక ప్రతి ఖర్చునూ రెండుసార్లు లెక్కపెట్టుకోవాలి. రియాల్‌కు వెయ్యి బైసాలు. బైసా అంటే మన పైసాయే. అక్కడ మొదట చెలామణీ అయింది భారతీయ రూపాయి, ఆ తర్వాత 1970 దాకా దాని తమ్ముడిలాంటి గల్ఫ్ రూపాయి. చిల్లర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ సంగతి గుర్తుకొచ్చేది.

ఐదు రాత్రులు రువీలో తమ్ముడింట్లోనే ఉన్నాను. బస ఖర్చు లేదు, మరదలి చేతి రాగి సంగటి ఉంది, ఇక చెప్పేదేముంది. బంధువులెవరూ లేనివారికి కూడా రువీయే నయమంటాను. మనదేశపు భోజనం అడుగడుగునా దొరుకుతుంది, బస్సులు అక్కడి నుంచి తేలిక. రెండు రాత్రులు మాత్రం పట్టుబట్టి మత్రహ్‌లో సముద్రపు ఒడ్డున ఒక చిన్న హోటల్లో గది తీసుకున్నాను. ‘సముద్రం కనిపించే గది’ అని అదనంగా డబ్బు కట్టించుకుని ఇచ్చిన గదిలో కిటికీ తెరిస్తే ఎదురుగా ఏసీ యంత్రాల వరుస. కిందికి వెళ్లి చెప్పినా, రెండోసారి చెప్పినా, గది మార్చింది మరుసటి రోజు మధ్యాహ్నానికే. అయితే ఆ ఒక్క రాత్రికి అసలు గది దొరికాక కష్టమంతా మరిచిపోయాను. తెల్లవారుజామున లేచి చూస్తే రేవు నిశ్చలంగా ఉంది. ఎడమ పక్క చేపల సంత నుంచి పడవలవాళ్ల కేకలు, వెనక గుట్ట మీద పోర్చుగీసువారి కాలపు కోట. మత్రహ్‌లో ఉండదలచుకుంటే గది చూశాకే డబ్బు కట్టండి. లిఫ్టు ఉందో లేదో కూడా అడగండి, పాత భవనాల మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి.

మత్రహ్ నుంచి సముద్రం వెంబడి మూడు నాలుగు కిలోమీటర్లు వెళితే పాత మస్కట్. చలికాలం కాబట్టి పొద్దున్నే నడిచాను. ఎండాకాలంలో ఆ పని చేయకూడదు. ఎర్ర బస్సు చౌక, శుభ్రం, వేళకు వచ్చింది. టాక్సీ అయితే ఎక్కకముందే ధర మాట్లాడుకోవాలి. టాక్సీ నడిపేవారు ఒమానీలే, చాలామందికి హిందీ వచ్చు. ఒకాయన నన్ను దింపి డబ్బు తీసుకున్నాక, మళ్లీ వెనక్కి పిలిచి ఫ్లాస్కులోంచి ఖహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోసిచ్చాడు. ఏలకుల వాసన, చక్కెర లేదు, పక్కన ఒక ఖర్జూరం. ఆ దేశంలో నేను చూసిన మర్యాదకు అదొక్కటి చాలు.

ఇక బైత్ ఫ్రాన్సా. అరబ్బీలో ఫ్రాన్సు ఇల్లని అర్థం. ఇప్పుడది ఒమాన్ - ఫ్రెంచి మ్యూజియం. అప్పటి ఒమాన్ పాలకుడు సయ్యిద్ సయీద్ బిన్ సుల్తాన్ సోదరుడి కూతురు ఘాలియా బింత్ సాలిం కోసం 19వ శతాబ్దం మొదటి సగంలో కట్టిన ఇల్లది. 1894లో పాల్ ఒటావి అనే ఆయన ఫ్రాన్సు కాన్సల్‌గా వచ్చాడు. అరబ్బీ బాగా తెలిసినవాడు. సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ 1896లో ఆయన ఉండటానికి ఈ ఇల్లు ఇచ్చాడు. 1920 దాకా ఇదే ఫ్రెంచి కాన్సులేట్. 1992లో మ్యూజియంగా మారింది.

బయటి నుంచి చూస్తే తెల్లటి గోడలు, పెద్ద తలుపు, అంతే. తలుపు దాటగానే నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు. ఒక్కసారిగా మా పెద్దమ్మగారి ఊళ్లోని మండువా లోగిలి గుర్తొచ్చింది. ఆ వాకిట్లో నిలబడితే బయటి వేడి లోపలికి రాదు. మెట్లెక్కితే పై అంతస్తులో గాలి ధారాళంగా ఆడుతుంది, మనుషులు ఉండేది అక్కడే. కాన్సల్ గదిని ఆ కాలం తీరులో అమర్చి ఉంచారు. మేజా, కుర్చీ, గోడల మీద పటాలు. మేజా అంచు మీద చెక్క అరిగి నునుపెక్కి ఉంది. ఎవరి మోచేతులు ఆనీ ఆనీ అలా అయిందో అనుకుంటూ పావుగంట అక్కడే నిలబడ్డాను. ఇక్కడ కూర్చునే ఒటావి సుల్తాన్‌కు నచ్చజెప్పి 1898లో బందర్ జిస్సా అనే చిన్న రేవులో ఫ్రాన్సుకు బొగ్గు నిల్వ చేసుకునే స్థలం సంపాదించాడు. ఆవిరి ఓడల కాలంలో బొగ్గు గిడ్డంగి ఉన్నవాడిదే సముద్రం.

దాని ఫలితం ఏమైందో చెప్పాలంటే ఆ ఇల్లు దాటి రాజభవనం వైపు నడవాలి. 1899 ఫిబ్రవరిలో ఆంగ్లేయుల యుద్ధనౌక ఎక్లిప్స్ మస్కట్ రేవులోకి వచ్చింది. ఫ్రెంచివారికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకోకపోతే రాజభవనం మీద ఫిరంగులు పేలుస్తామని సుల్తాన్‌కు కబురు వెళ్లింది. ఆయన తలొగ్గాడు. వారి బెదిరింపుకు ఆధారం 1891 మార్చిలో రహస్యంగా రాయించుకున్న ఒక హామీ. తన భూమిలో ఏ భాగాన్నీ ఆంగ్లేయులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వనని సుల్తాన్ అందులో ఒప్పుకున్నాడు. మరి 1862లో పారిస్‌లో ఇదే ఇంగ్లండు, ఇదే ఫ్రాన్సు కలిసి మస్కట్ పాలకుడి స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తామని ప్రకటన చేశాయి. ఆ కాగితం మీద ఒమాన్ సంతకం లేదు. ఎవరి స్వాతంత్ర్యం గురించి రాసుకున్నారో ఆయనే లేకుండా రాసుకున్న కాగితం అది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు తలెత్తి చూసేవారు. ఆ మాటను ఆ రేవు ఒడ్డునే నిలబడి తలచుకోవడం వేరు.

మ్యూజియంలోకి వెళ్లేవారు వేళలు ముందుగా కనుక్కోవాలి. పొద్దున పూట వెళ్లడం మంచిది, శుక్రవారం సెలవు. గంటన్నర సరిపోతుంది. మొదటిసారి నేను అరపూట గైడును మాట్లాడుకుని వెళ్లి పొరపాటు చేశాను. ఆయన ఆ ఇంటిని పోర్చుగీసువారు కట్టారని చెప్పాడు, కోటలనూ ఇంటినీ ఒకే కథలో కలిపేశాడు. పోర్చుగీసువారు మిరానీ, జలాలీ కోటలను బలపరచింది 1580ల్లో. ఈ ఇంటికీ వాటికీ మధ్య రెండు శతాబ్దాలకు పైగా తేడా. గైడుకు పెట్టే డబ్బుతో నేషనల్ మ్యూజియం టికెట్టు కొనండి. రాజభవనానికి ఎదురుగా 2016లో తెరిచిన ఆ మ్యూజియం నిజంగా చూడదగినది. పడవల గది దగ్గరే నాకు గంట గడిచింది. అక్కడి సిబ్బందిని ఏది అడిగినా ఓపికగా చెప్పారు. అమెరికాతో 1833లో జరిగిన ఒప్పందం, 1840లో సుల్తానా అనే ఒమానీ ఓడ న్యూయార్క్ చేరడం లాంటివి ముందే చదువుకుని వెళితే ఇంకా బాగుంటుంది. అమెరికాకు కూడా ఇక్కడ 1915 దాకా కాన్సులేట్ ఉండేది. ఒమాన్ ఖర్జూరం ఓడలకొద్దీ అటు వెళ్లేది. ఆ వ్యాపారంలో మన గుజరాతీ వర్తకులకు పెద్ద చేయి ఉంది. రాజభవనానికి దగ్గర్లోనే వారి పాత శివాలయం ఉంది. సోమవారం సాయంత్రం వెళ్లి దర్శనం చేసుకున్నాను. తెలుగు మాటలూ వినిపించాయి.

నా మటుకు ఈ యాత్రలో అన్నిటికన్నా ఇచ్చిన డబ్బుకు తగ్గది పడవ ప్రయాణం. రెండు గంటలు రేవు చుట్టూ తిప్పారు. పడవ కోటల కిందికి రాగానే నల్లటి కొండరాళ్ల మీద తెల్లరంగుతో రాసిన ఓడల పేర్లు కనిపిస్తాయి. ఇక్కడికి వచ్చిన ఓడల నావికులు రాళ్లెక్కి తమ ఓడ పేరు రాసి వెళ్లేవారు. రేవుకు ఇది సందర్శకుల పుస్తకమట. కొన్ని చెరిగిపోయాయి, కొన్ని అక్షరం అక్షరం చదవవచ్చు.

ఆ రాళ్ల కింద పడవ ఊగుతుంటే నాకు ఒక ఉత్తరం గుర్తొచ్చింది. 1799 జనవరిలో నెపోలియన్ కైరో నుంచి మస్కట్ పాలకుడికి రాశాడు. దానితోపాటు టిప్పు సుల్తాన్‌కు చేర్చమని మరో ఉత్తరం జత చేశాడు. మస్కట్‌లో టిప్పుకు వ్యాపార కోఠీ ఉండేది, కబురు చేరడానికి అదే దారి. ఉత్తరాలు ఇక్కడిదాకా రాలేదు. ఎర్ర సముద్రపు మోఖా రేవులో ఆంగ్లేయుల చేతికి చిక్కాయి. ఆ మే నెలలో శ్రీరంగపట్నం కూలింది, టిప్పు పోయాడు. ఆయన రాజ్యంలోంచి నిజాంకు వాటాగా వచ్చిన సీమలను 1800 అక్టోబరు 12న నిజాం కంపెనీకి వదిలేశాడు. మస్కట్ ఒడంబడిక జరిగి సరిగ్గా రెండేళ్లు. మా కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలకు దత్తమండలాలన్న పేరు పడింది అప్పుడే. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న మాట వచ్చేదాకా మమ్మల్ని అలాగే పిలిచారు. మా తాత మాటల్లో దత్తమండలం అన్న మాట చిన్నప్పుడు విన్నాను. దాని వెనకున్న భయాల్లో ఒక పాయ ఈ రేవు మీదుగా వచ్చిందని ఆ పడవలో కూర్చుని తలచుకుంటే గుండె బరువెక్కింది. పడవ నడిపే కుర్రాడు ‘నీళ్లు కావాలా చాచా’ అని హిందీలో అడిగాడు.

బందర్ జిస్సాకు కారులో వెళ్లాం. ఇప్పుడక్కడ ఖరీదైన రిసార్టు ఉంది. గది అద్దె మనలాంటివారికి అందుబాటులో లేదు, అవసరమూ లేదు. పక్కనే కంతబ్ అనే జాలరుల పల్లె ఉంది. అక్కడి పడవవాళ్లు సముద్రంలో తోరణంలా నిలిచిన రాతిని చూపించి తెస్తారు. బేరమాడితే తగ్గుతారు. మూడు వైపులా కొండ, నడుమ ప్రశాంతమైన నీళ్లు. ఓడలు దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఫ్రెంచివారు ఇదే ఎందుకు అడిగారో చూడగానే తెలుస్తుంది.

సూర్‌కు ఒక రోజు, ఒక రాత్రి కేటాయించాను. మస్కట్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, దారంతా ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. వెళ్లేటప్పుడు కారు మాట్లాడుకున్నాను, తిరిగి బస్సులో వచ్చాను. ఇంకోసారైతే రెండుసార్లూ బస్సే ఎక్కుతాను. కారు ఏర్పాటు చేసిన సంస్థ బయానాగా పట్టి ఉంచిన సొమ్ము తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది, అదీ తమ్ముడు నాలుగుసార్లు ఫోను చేశాక. సూర్‌లో దిగిన హోటల్ మాత్రం మస్కట్‌లోని ధరలో సగానికే దొరికింది, గది విశాలం, వేడినీళ్లు బాగున్నాయి. పొద్దున పూరీ, బంగాళాదుంప కూర పెట్టారు.

సూర్ ఓడల ఊరు. ఇక్కడి ఓడ యజమానులు జాంజిబార్, మడగాస్కర్, మలబారు తీరాలకు వ్యాపారం నడిపారు. ఓడ మీద ఫ్రెంచి జెండా, నాఖుదా (ఓడ నడిపే నాయకుడు) చేతిలో ఫ్రెంచి కాగితం ఉంటే ఆంగ్లేయుల యుద్ధనౌక ఆపి సోదా చేయడానికి వీలుండేది కాదు. అందుకే ఎందరో సూర్ నావికులు ఆ జెండా తెచ్చుకున్నారు. ఖర్జూరం మోసిన ఓడలు ఆ నీడలో నడిచాయి, బానిసలను మోసిన ఓడలూ నడిచాయి. ఈ రెండో సంగతి దాచి మొదటిదే చెప్పడం చరిత్రకు ద్రోహం. చివరికి తగవు హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1905 ఆగస్టు 8న తీర్పు వచ్చింది. 1892 జనవరి 2కు ముందు ఇచ్చిన జెండాలు చెల్లుతాయి. ఆ తర్వాత ఇచ్చినవాటికి కఠినమైన షరతులు. ఒక చిన్న రేవులోని పడవల మీది గుడ్డముక్క కోసం రెండు సామ్రాజ్యాలు యూరప్‌లో కోర్టుకెక్కాయి. ఊరంతా తిరిగాను, ఈ తగవు గురించి చెప్పే ఫలకం ఒక్కటీ నా కంటపడలేదు. పెట్టాలి. ఆ కథ సూర్ వాళ్లదే.

ఓడల కార్ఖానా ఇప్పటికీ ఉంది. దౌ అనే అరబ్బీ చెక్క ఓడ ఒకటి సగం కట్టి ఉంది. పక్కటెముకల్లా వంపు తిరిగిన కర్రల మధ్య ఒక మలయాళీ వడ్రంగి కూర్చుని పలకల సందుల్లోకి నూనెలో నానబెట్టిన దూదిని ఉలితో కుక్కుతున్నాడు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా ఓడ మొత్తం డోలులా మోగుతోంది. టేకు ఎక్కడిదని అడిగితే ‘మన దగ్గరిదే’ అన్నాడు. మా తాళ్లరేవులోనూ చెక్క ఓడలు కట్టేవారని చెబితే సంతోషించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దగ్గర్లోనే ఫతహ్ అల్ ఖైర్ అనే ఓడ ఉంది. 1951లో ఇదే ఊళ్లో కట్టిన దాన్ని తర్వాత యెమెన్‌లో కనిపెట్టి, ఊరివాళ్లు చందాలు వేసుకుని వెనక్కి తెచ్చుకున్నారు. సూర్ వెళ్లినవారు ఈ రెండూ చూడకుండా రాకండి.

తమ్ముడికి వారానికి సెలవు శుక్రవారం ఒక్కటే. అందుకే పదకొండేళ్లలో బైత్ ఫ్రాన్సా లోపలికి వాడు వెళ్లనేలేదు. నేను తిరిగి బయలుదేరే రోజు అరపూట సెలవు పెట్టి నాతో వచ్చాడు. కాన్సల్ మేజా దగ్గర నాకంటే ఎక్కువసేపే నిలబడ్డాడు.

“మరి ఇంగ్లీషువాళ్ల ఇల్లేది అన్నా?” అని బయటికొచ్చాక అడిగాడు.

రాజభవనం పక్కగా నడిపించి, జలాలీ కోట కింద సముద్రపు ఒడ్డున ఖాళీ జాగా చూపించాను. పొలిటికల్ ఏజెంటు అని పిలిచే ఆ కాన్సల్ మన వైస్రాయి ప్రభుత్వపు అధికారి, జీతం భారత ఖజానాది. ఆ వాకిట్లోని జెండా కర్రను పట్టుకున్న బానిసకు విముక్తి దొరికేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే వాకిలి నుంచి సుల్తాన్‌కు బెదిరింపులూ వెళ్లాయి. తర్వాతి కాలంలో రాయబార కార్యాలయం వేరేచోటికి తరలిపోయింది, ఆ భవనం ఇప్పుడు లేదు. ఓడిపోయిన వాళ్ల ఇల్లు నిలిచింది, గెలిచిన వాళ్లది పోయింది.

వాడు కాసేపు అటే చూశాడు. “ప్రతి పండక్కీ ఇక్కడికే వస్తాం అన్నా, ఫోటోలు దిగడానికి” అంటూ ఫోను తీసి పాత ఫోటోలు వెనక్కి జరుపుతూ పోయాడు. 2016 ఉగాది నాటిది ఒకటి దొరికింది. మరదలు, చంకలో పిల్లాడు, వెనక కోట, కోటకూ రాజభవనానికీ మధ్య ఆ ఖాళీ.